కార్జంలో కొవ్వు, ఉత్తుత్తి బిళ్ళ

కోడికూర వండిన రోజున పిల్లలు పోట్లాడుకునే ముక్క ఒకటుంటుంది. ముదురు ఎరుపు రంగులో, మెత్తగా, నోట్లో వేసుకోగానే పిండిలా విడిపోయే ముక్క. అదే కార్జం. పుస్తకాలలో దీన్ని కాలేయం అంటారు. మాంసం తినని వాళ్ళు చిన్నబుచ్చుకోనక్కరలేదు. మీ పొట్టలో కుడివైపున, పక్కటెముకల చాటున, మీ కార్జం మీకూ ఉంది. పెద్దవాళ్ళలో అది దాదాపు కిలోన్నర తూగుతుంది. శరీరం లోపలి అవయవాలలో అంత పెద్దది మరొకటి లేదు.

ఫ్రాన్సు దేశంలో పెద్దబాతుల గొంతులోకి గొట్టం పెట్టి, వద్దన్నా వినకుండా మొక్కజొన్న కూరుతారు. కొన్ని వారాలకు దాని కార్జం మామూలుకు ఎన్నో రెట్లు ఉబ్బి, కొవ్వుతో వెన్నముద్దలా అవుతుంది. దాన్ని అపురూపమైన వంటకంగా అమ్ముకుంటారు. పూర్వం రోమనులు ఇదే పని అంజూరపు పండ్లతో చేసేవాళ్ళు. 'అంజూరాలు మేపిన కార్జం' అనే మాట వాడగా వాడగా, చివరికి కార్జం ఊడిపోయి అంజూరమే మిగిలింది. ఇవాళ ఇటలీ వాళ్ళు కాలేయాన్ని 'ఫేగతో' అంటారు. ఆ మాట పుట్టింది లాటిన్‌లో అంజూరపు పండు పేరు నుంచే!

బాతుకైతే బలవంతంగా కూరాలి. మనిషికి ఆ శ్రమ అక్కరలేదు, తనంతట తానే తింటాడు. తిన్న దానిలో శరీరం ఖర్చు పెట్టగా మిగిలిన చక్కెరను కాలేయం కొంతవరకు దాచుకుంటుంది. గాదె నిండిన తరువాత కూడా బళ్ళు వస్తూనే ఉంటే రైతు ఏం చేస్తాడు? వసారాలో పోస్తాడు, నట్టింట్లో పోస్తాడు. కాలేయం కూడా అంతే. మిగిలిన చక్కెరను కొవ్వుగా మార్చి శరీరంలోని కొవ్వు నిలవలకు పంపుతుంది. ఆ నిలవలూ నిండిపోతే కొవ్వు తన కణాలలోనే పేరుకుంటుంది. కాలేయంలో కొవ్వు 5 శాతం దాటిందంటే జబ్బు లెక్కలోకి వచ్చినట్టే. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన ఒక పరిశోధనలో, నూటికి 84 మంది కాలేయాలలో ఈ కొవ్వు కనిపించింది. రోజంతా కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగాలు మరి!

తాగనివాడి తాగుబోతు కాలేయం

వెనకటి రోజుల్లో డాక్టర్లకు ఒక గట్టి నమ్మకం ఉండేది. కాలేయం కొవ్వు పట్టి, వాచి, మచ్చలు పడిందంటే ఆ మనిషి తాగుబోతు అయి ఉండాలి. రోగి 'నేను చుక్క ముట్టనండీ' అని మొత్తుకున్నా, 'సరేలే' అని లోలోపల నవ్వుకునేవాళ్ళు. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో జుర్గెన్ లుడ్విగ్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ అలాంటి రోగులు 20 మంది గురించి ఒక వ్యాసం రాశారు. వాళ్ళ కాలేయపు ముక్కలను సూక్ష్మదర్శినిలో చూస్తే అచ్చం తాగుబోతుల కాలేయాలే. కాని వాళ్ళు తాగేవాళ్ళు కారు. ఎక్కువమంది లావుపాటి వాళ్ళు, చాలామందికి మధుమేహం ఉంది. ఇది వేరే జబ్బని లుడ్విగ్ తేల్చి, దానికో పేరు పెట్టాడు. ఆ విధంగా ఎందరో అమాయకుల మీద పడ్డ నింద తొలగింది. 2023లో శాస్త్రజ్ఞులు ఆ పేరును కూడా మార్చారు. పేర్ల గొడవ మనకు వద్దు, కొవ్వు కాలేయం అనుకుందాం.

కొవ్వు ఒక్కటే అయితే అంత భయం లేదు. కొందరిలో మాత్రం ఆ కొవ్వు కణాలను రేపుతుంది. కణాలు బుడగల్లా ఉబ్బుతాయి, చుట్టూ వాపు వస్తుంది. చచ్చిపోయిన కణాల స్థానంలో, కాలిన చర్మం మీద మచ్చ పడ్డట్టు, గట్టి పీచులాంటి మచ్చ ఏర్పడుతుంది. ఈ మచ్చలను డాక్టర్లు 0 నుంచి 4 వరకు లెక్కపెడతారు. 4 అంటే సిర్రోసిస్. అప్పటికి మెత్తటి కార్జం గడ్డలు గడ్డలుగా గట్టిపడిపోయి ఉంటుంది. ఇదంతా జరగడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అన్నాళ్ళూ మనిషికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. పన్ను పుచ్చితే ఊరంతా వినేలా అరుస్తాం. కార్జం చెడుతుంటే మనకే తెలియదు.

మందును పరీక్షించేవాడికి అసలు చిక్కు ఇక్కడే వస్తుంది.

నూరుమందిలో పంతొమ్మిదిమంది

ఒక చిన్న ప్రశ్న అడుగుతాను. కొవ్వు కాలేయానికి నేనొక కొత్త మందు కనిపెట్టాననుకోండి. నూరుమంది రోగులకు రెండేళ్ళపాటు ఇచ్చాను. చివర్లో పరీక్షిస్తే 19 మంది కాలేయాలు బాగుపడ్డాయి. నా మందు పనిచేసినట్టా, కాదా?

'నూటికి 19 అంటే తక్కువే గాని, ఆ 19 మందికైనా పనిచేసింది గదా!' అంటారు మీరు. నేను కూడా అదే అనేవాణ్ణి, 2010లో వెలువడిన ఒక పరీక్ష ఫలితాలు చదవకపోతే. అమెరికాలో మధుమేహం లేని రోగులు 247 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు విటమిన్ ఇ, రెండో జట్టుకు పియోగ్లిటజోన్ అనే మధుమేహపు మందు ఇచ్చారు. మూడో జట్టుకు చూపుకీ రుచికీ మందులాగే ఉండి, లోపల మందన్నదే లేని ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. 96 వారాల తరువాత చూస్తే, ఆ ఉత్తుత్తి బిళ్ళ మింగిన వాళ్ళలోనే నూటికి 19 మంది బాగుపడ్డారు!

అంటే నేను గొప్పగా చెప్పుకున్న మందు సుద్దముక్కతో సమానమన్నమాట.

ఉత్తుత్తి బిళ్ళతో కాలేయం ఎలా బాగుపడుతుంది? మంత్రమేమీ లేదు. పరీక్షలో చేరిన ప్రతివాడికీ, ఏ జట్టువాడైనా సరే, 'కాస్త తగ్గించి తినండి, రోజూ నడవండి' అని చెబుతారు. ఎవరో తనను గమనిస్తున్నారని తెలిస్తే మనిషి కాస్త బుద్ధిగా ఉంటాడు. (మాస్టారు క్లాసులో ఉన్నప్పుడూ లేనప్పుడూ మీ సంగతి మీకే తెలుసు.) బరువు తగ్గడమే ఈ జబ్బుకు పెద్ద మందు. క్యూబా దేశంలో 293 మంది రోగులకు ఏడాదిపాటు తిండి, నడక మాత్రమే నేర్పి 2015లో ఫలితాలు ప్రకటించారు. తమ బరువులో పదో వంతు తగ్గించుకున్న వాళ్ళలో నూటికి 90 మందికి కాలేయపు వాపు పోయింది. ఏ మందుకూ రాని ఫలితం! కాని అంత బరువు తగ్గగలిగింది పదిమందిలో ఒక్కరు. మిగిలిన తొమ్మిదిమంది మాటేమిటి? మందుల కోసం ఇంత తాపత్రయం వాళ్ళ కోసమే.

ఆ 2010 పరీక్షలో విటమిన్ ఇ జట్టులో నూటికి 43 మంది బాగుపడ్డారు. 43లోంచి 19 తీసేయండి. మిగిలిన 24 మాత్రమే విటమిన్ సంపాదించుకున్న మార్కులు. తీసివేత చేయకుండా మందు మార్కులు చెప్పేవాణ్ణి నమ్మకండి. (అలాగని విటమిన్ బిళ్ళల మీద పడకండి. ఆ పరీక్షలో ఇచ్చిన మోతాదు చాలా పెద్దది. పైగా 8 నుంచి 17 ఏళ్ళ పిల్లల మీద విడిగా జరిపి 2011లో ప్రకటించిన పరీక్షలో, రక్తంలో కనిపించే కాలేయపు ఎంజైమును తగ్గించి నిలపడంలో విటమిన్ ఇ ఉత్తుత్తి బిళ్ళను స్పష్టంగా మించలేకపోయింది. పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్ళు కారు. పెద్దలకు చేసిన పరీక్ష పిల్లలకు చెల్లదు.)

రెండు వైపులా గంతలు

సరే, రెండు జట్లు కావాలి. ఎవరిని ఏ జట్టులో వేయాలి? డాక్టరుకే వదిలేస్తే, ఆయన ఎంత మంచివాడైనా, బాగుపడేలా కనిపించే వాళ్ళను తెలియకుండానే మందు జట్టులోకి నెడతాడు. లేదా బాగా జబ్బుచేసిన వాళ్ళ మీద జాలిపడి వాళ్ళకే మందు ఇస్తాడు. ఎటు చూసినా పోటీ సమానంగా ఉండదు. అందుకని చీటీలు వేస్తారు. 1947లో బ్రిటనులో క్షయకు స్ట్రెప్టోమైసిన్ మందును పరీక్షించినప్పుడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంకవేత్త ఈ పద్ధతిని పకడ్బందీగా అమలు జరిపాడు. ఎవరు ఏ జట్టో ముందుగానే లెక్కల పట్టికతో నిర్ణయించి, కవర్లలో పెట్టి సీలు వేశాడు. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తుంది.

ఆపైన కళ్ళకు గంతలు. తాను మింగేది మందో, ఉత్తుత్తి బిళ్ళో రోగికి తెలియదు. ఇచ్చే డాక్టరుకూ తెలియదు. కాలేయపు ముక్కను చూసి మార్కులు వేసే నిపుణుడికీ తెలియదు.

'జబ్బుతో వచ్చిన మనిషికి ఉత్తుత్తి బిళ్ళ ఇవ్వడం మోసం కాదా?' అని మీలో ఎవరైనా అడిగితే, అడగవలసిన ప్రశ్నే అడిగారు. చెప్పకుండా ఇస్తే మోసమే. అందుకే ముందుగా అన్నీ రోగి భాషలో రాసిన కాగితం ఇచ్చి, చదివించి, సంతకం తీసుకుంటారు. 'మీకు మందు రావచ్చు, రాకపోవచ్చు. ఈ ఇబ్బందులు కలగవచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేసి వెళ్ళిపోవచ్చు' అని అందులో ఉంటుంది. అన్నీ తెలిసి సంతకం పెట్టే వాళ్ళ ధైర్యం చిన్నది కాదు. ఎందుకంటే ఆ కాగితంలో సూది మాట కూడా ఉంటుంది.

మెతుకు పట్టి చూడటం

అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెలో అన్నమంతా పట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు చాలు. కాలేయం సంగతి కూడా అలాగే చూస్తారు. పక్కటెముకల మధ్యనుంచి బోలు సూది గుచ్చి, సేమ్యా ముక్కంత కాలేయాన్ని బయటికి తీస్తారు. దీన్ని బయాప్సీ అంటారు. ఆ ముక్కను పలచటి పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినిలో చూస్తారు. కొవ్వుకు 0 నుంచి 3 మార్కులు, వాపుకు 0 నుంచి 3, ఉబ్బిన కణాలకు 0 నుంచి 2. మొత్తం ఎనిమిది. మన పరీక్షలలో మార్కులు ఎక్కువ వస్తే సంతోషం, ఇక్కడ సున్నా వస్తే పండగ. మచ్చలకు మళ్ళీ వేరే మార్కులు. మందు మొదలుపెట్టక ముందు ఒకసారి, ఏడాదో ఏడాదిన్నరో గడిచాక మరోసారి గుచ్చుతారు. ఉత్తుత్తి బిళ్ళ జట్టు వాళ్ళకు కూడా ఈ పోటు తప్పదు.

కాని కాలేయం అన్నం గిన్నె కాదు. గిన్నెలో మెతుకులన్నీ ఒక్కలాగే ఉడుకుతాయి, కాలేయంలో జబ్బు ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఉంటుంది. సూదికి చిక్కే ముక్క మొత్తం కాలేయంలో సుమారు 50 వేలో వంతు. 25 కిలోల బియ్యం బస్తాలో 50 వేలో వంతంటే అర గ్రాము, అంటే ఓ పాతిక గింజలు. మొదటిసారి రాళ్ళున్న చోటా, రెండోసారి రాళ్ళు లేని చోటా చెయ్యి పెట్టామనుకోండి. బియ్యం బాగుపడినట్టు కనిపిస్తుంది గాని, బస్తా అదే బస్తా! ఉత్తుత్తి జట్టులో కొందరు 'బాగుపడటానికి' ఇదొక కారణం. దానికి తోడు, ఒకే ముక్కను ఇద్దరు నిపుణులకు చూపిస్తే ఇద్దరూ ఒకే మార్కు వేస్తారన్న భరోసా లేదు. తెలుగు వ్యాసానికి ఇద్దరు మాస్టార్లు వేసే మార్కుల్లాంటిదే ఇదీను.

సూది లేకుండా చూసే ఉపాయాలు కూడా వచ్చాయి. బట్టలారేసే తాడును వదులుగా కట్టి ఒక చివర కొట్టండి, అల నెమ్మదిగా పాకుతుంది. బిగించి కొట్టండి, చప్పున రెండో చివరకు చేరుతుంది. కాలేయం మీద కూడా ఒక చిన్న యంత్రంతో చర్మం మీదనుంచి తట్టి, ఆ అల ఎంత వేగంగా పోతోందో అతిధ్వనులతో కొలుస్తారు. మచ్చలు పడి బిగుసుకున్న కాలేయంలో అల వేగం హెచ్చు. రోగిని ఎంపిక చేయడానికి ఇది బాగా పనికొస్తుంది. అయితే ఇప్పటివరకు వచ్చిన పెద్ద పరీక్షలలో తుదితీర్పు సూదిదే.

ఓడినవాళ్ళు, గెలిచినవాళ్ళు

కొత్త మందు జంతువుల మీదా, తరువాత కొద్దిమంది ఆరోగ్యవంతుల మీదా, ఆ తరువాత కొన్ని వందలమంది రోగుల మీదా పరీక్షలు దాటి, చివరికి వేయిమంది ముందు నిలుస్తుంది. చాలా మందులు ఆ చివరి మెట్టు మీదే జారిపడ్డాయి.

ఎలాఫిబ్రనార్ అనే మందునే తీసుకోండి. చిన్న పరీక్షలో కాస్త ఆశ చూపింది. పెద్ద పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. మందు జట్టులో నూటికి 19 మందికి జబ్బు తగ్గింది, ఉత్తుత్తి జట్టులో 15 మందికి. '19 పెద్దదే గదా' అనకండి. నాణాన్ని నూరుసార్లు ఎగరేస్తే 54 సార్లు బొమ్మ పడవచ్చు. అంతమాత్రాన అది దొంగ నాణెం కాదు. 90 సార్లు పడితే అనుమానించాలి. ఇక్కడి తేడా కూడా అదృష్టం వల్ల రాదని గట్టిగా చెప్పగలిగేటంత పెద్దది కాదు. మందు ఓడిపోయింది.

ఓబెటికోలిక్ ఆమ్లం కథ వేరు. అది తేడా నిజంగానే చూపింది. 2019లో ప్రచురించిన ఫలితాలలో, పెద్ద మోతాదు తిన్న వాళ్ళలో నూటికి 23 మందికి మచ్చలు ఒక మెట్టు తగ్గాయి. ఉత్తుత్తి జట్టులో 12 మందికే తగ్గాయి. కాని మందు తిన్న వాళ్ళలో సగంమందికి ఒళ్ళంతా దురద పట్టుకుంది, రక్తంలో చెడు కొలెస్టరాల్ పెరిగింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఒకసారి, 2023లో మరోసారి 'వద్దు' అంది. నూటికి 11 మంది మేలు కోసం 50 మంది గోక్కుంటూ కూర్చోవాలా? పైగా ఇది పది రోజుల మందు కాదు, ఏళ్ళ తరబడి మింగవలసినది. ఆ తీర్పు సరైనదనే నాకూ అనిపిస్తుంది.

గెలిచిన వాటిలో రెస్మెటిరోమ్ అనేది ముచ్చటైన మందు. మన గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను, 'కొవ్వు కరిగించు' అని కాలేయానికి ఆజ్ఞ ఇస్తుంది. మరి ఆ హార్మోనే ఎక్కువగా ఇస్తే సరిపోదా? సరిపోదు. గుండె దడదడలాడుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అయితే ఆ హార్మోను అనే తాళంచెవి పట్టే తాళాలు మన కణాలలో రెండు రకాలు: ఆల్ఫా, బీటా. గుండెలో ఆల్ఫా ఎక్కువ, కాలేయంలో బీటా ఎక్కువ. బీటా తాళానికే చక్కగా పట్టే తాళంచెవిని రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. 966 మంది మీద 52 వారాలు జరిపిన పరీక్షలో, పెద్ద మోతాదు తీసుకున్న వాళ్ళలో నూటికి 30 మందికి కాలేయపు వాపు పోయింది. ఉత్తుత్తి జట్టులో 10 మందికి పోయింది. తీసివేస్తే 20. అంటే అయిదుగురికి మందు ఇస్తే, అదనంగా బాగుపడేది ఒక్కరు! మచ్చల విషయంలో 26, 14. 2024 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ జబ్బుకు ఆ దేశం ఒప్పుకున్న మొదటి మందు ఇదే. మన దేశం 2020లోనే అహ్మదాబాదుకు చెందిన జైడస్ కంపెనీ తయారుచేసిన సారోగ్లిటజార్‌ను ఈ జబ్బుకు అనుమతించింది. అది అంతకుముందు 2013లో, మధుమేహ రోగుల రక్తంలో కొవ్వు తగ్గించడానికి అనుమతి పొందిన మందు.

తరువాతి మందు సెమాగ్లుటైడ్. పేగులు తయారుచేసే ఒక హార్మోనుకు ఇది నకలు. వారానికొక సూది వేసుకుంటే ఆకలి తగ్గి బరువు తగ్గుతుంది. 800 మంది ఫలితాలు 72 వారాల దగ్గర చూసి 2025లో ప్రకటించారు. మందు జట్టులో నూటికి 63 మందికి వాపు పోయింది. మచ్చలు తగ్గినవాళ్ళు 37 మంది. ఆ ఏడాది ఆగస్టులో దీనికీ అమెరికాలో అనుమతి వచ్చింది.

'ఓహో, 63 ఎక్కడ, రెస్మెటిరోమ్‌కు వచ్చిన 30 ఎక్కడ!' అంటున్నారా? ఆగండి. ఉత్తుత్తి జట్టును చూడకుండా మాట్లాడుతున్నారు. సెమాగ్లుటైడ్ పరీక్షలో ఉత్తుత్తి సూది వేయించుకున్న వాళ్ళలోనే నూటికి 34 మందికి వాపు పోయింది! మచ్చలు తగ్గినవాళ్ళు 22 మంది. ఒక పరీక్షలో ఉత్తుత్తి బిళ్ళకు 10 మార్కులు, మరో పరీక్షలో ఉత్తుత్తి సూదికి 34. ఎంచుకున్న రోగులు వేరు, వ్యవధి వేరు, ముక్కలు చూసిన కళ్ళు వేరు. రెండు ఊళ్ళ బడులలో వేరు వేరు ప్రశ్నపత్రాలకు వచ్చిన మార్కులను పక్కపక్కన పెట్టి ఎవరు తెలివైనవాడో చెప్పలేం. ఈ రెండు మందుల్లో ఏది మెరుగో తేల్చాలంటే రెండింటినీ ఒకే పరీక్షలో కూర్చోబెట్టాలి.

ఇంకా పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. ముక్కలో వాపు పోయింది, మచ్చ ఒక మెట్టు తగ్గింది, బాగానే ఉంది. ఆ మనిషి సిర్రోసిస్ నుంచి తప్పించుకున్నాడా? ఎక్కువకాలం బతికాడా? అసలు కావలసినది అదే. కాని కాలేయం చెడటానికి ఏళ్ళు పడితే, అది చెడలేదని తెలియడానికీ ఏళ్ళు పడుతుంది. అందుకే అమెరికా ఈ రెండు మందులకూ షరతుతో అనుమతి ఇచ్చింది: అమ్ముకోండి, పరీక్షను మాత్రం ఆపకండి. సెమాగ్లుటైడ్ పరీక్షలో చేరినవాళ్ళు మొత్తం దాదాపు 1,200 మంది. వాళ్ళు ఒక్కొక్కరు 240 వారాలు, అంటే నాలుగున్నర ఏళ్ళకు పైగా, వారం వారం సూది వేసుకోవాలి. ఆ సూదిలో ఉన్నది మందో, ఉత్తుత్తి ద్రవమో వేసుకునేవాడికి తెలియదు.